మార్కాపురం కుట్టు

నవంబర్ 18

డైరీ మొదటి పేజీలో పేరు, ఊరు, వృత్తి రాయమని గీతలున్నాయి. నాగూర్ వలి, మార్కాపురం అని రాశాను. వృత్తికి ఇచ్చిన గీత చాలలేదు. లారీ పట్టలు, ఆటో టాపులు, షామియానాలు కుట్టబడును అని నా దుకాణం బోర్డు మీద ఉన్నదంతా రాసేసరికి అక్షరాలు కిందికి దిగి బ్లడ్ గ్రూప్ మీద పడ్డాయి. పడితే పడనీ.

ఈ పడవ కెప్టెన్ కరుణాకరం గారు రోజూ సాయంత్రం లాగ్ బుక్ అని ఒకటి రాస్తారు. గాలి ఎటు వీచింది, నీళ్ళు ఎన్ని వాడాం, ఇంజను ఎంతసేపు తిరిగింది. పడవ అన్నాక రాసి తీరాలట. పడవ సంగతి ఆయన రాస్తుంటే పడవలో ఉన్నవాడి సంగతి వాడు రాసుకోవచ్చు కదా. పైగా చెప్పుకోవడానికి లాల్బీ పక్కన లేదు. పెళ్ళైన నాటినుంచి రోజంతా జరిగింది పడుకునేముందు ఆమెకు చెప్పడం అలవాటు. ఫోన్లో చెబుదామంటే ఆమె వినాలనుకునేది ఒకటి, నేను చెప్పాలనుకునేది ఇంకొకటి.

నిన్న దిగాను. రెండు రైళ్ళు మారి, కుట్టుమిషన్ తలకాయను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కొచ్చిదాకా వచ్చాను. మిస్బా స్టేషన్‌కు వచ్చింది. నల్లబడింది. చేతులు నా చేతుల్లాగే గరుకెక్కాయి. మిషన్ ఎందుకు మోసుకొచ్చావు, ఇక్కడ దొరకదా అని కసిరింది. పరాయి మిషన్ ముందు నేను కూర్చోనని ఆ పిల్లకు తెలుసు. కసురుతూనే మిషన్ భుజానికెత్తుకుని ముందు నడిచింది. ప్లాట్‌ఫారం మీద జనం చూశారు. చూడనీ, నా కూతురు.

నవంబర్ 19

మరీనా అంటే పడవల బస్టాండు. వచ్చిన పడవ తన గడిలో నిలబడుతుంది, నీళ్ళు పట్టుకుంటుంది, కరెంటు పెట్టుకుంటుంది, మరమ్మతు చేయించుకుని పోతుంది. నడిచే దారి కూడా నీళ్ళ మీద తేలుతుంటుంది. మా పడవ పేరు నల్లమల. గిద్దలూరులో పుట్టి, నేవీలో రిటైరైనవాడు పడవ కొంటే ఇంకేం పేరు పెడతాడు. పక్క పడవలో ఉండే ముసలి దొర, దొరసాని ఆ పేరుకు అర్థం అడిగితే మిస్బా ఫోన్లో కొండల ఫొటో చూపించింది. నేను పక్కనే నిలబడి ఇంత ఎత్తు అని చెయ్యి పైకెత్తి చూపించాను. నిజానికి అంత ఎత్తు లేవు.

నాకు పడవ ముక్కువైపు పడక ఇచ్చారు. లేచినప్పుడల్లా తల కొట్టుకుంటున్నాను. పొయ్యి మాత్రం నచ్చింది. ఉయ్యాలలా వేలాడదీశారు, పడవ ఎటు ఒరిగినా గిన్నె ఒరగదు. లాల్బీకి చెప్పాలి.

నేను వచ్చిన పని పెద్ద తెరచాప. గోవా నుంచి వస్తుంటే ఈదురుగాలికి చిరిగింది. దాన్ని కుట్టిన కంపెనీ ఎక్కడో దేశం అవతల ఉంది, కొత్తది రావాలంటే నెలలు పడుతుంది. మాల్దీవులకు పోవడానికి డిసెంబర్ మొదట్లో వీచేది మంచి గాలి. కెప్టెన్‌కు కళ్ళు మసకబారుతున్నాయి, ఇదే ఆఖరి ప్రయాణం, తర్వాత పడవ అమ్మేస్తారు. ఈ ప్రయాణం చేస్తేనే మిస్బా కెప్టెన్ పరీక్షకు కూర్చోవచ్చు. హైదరాబాద్‌లో డిగ్రీ చదువుకోమని పంపిస్తే చెరువులో తెరచాప పడవలు నడపడం నేర్చుకుని, ఇప్పుడు ఈ పడవలో కెప్టెన్ కింద పనిచేస్తున్న పిల్ల. మా వీధిలో అందరికీ ఓడలో ఆఫీసర్ అని చెప్పాను. అయ్యాక చెప్పడం ఎందుకు, ముందే చెబితే సరిపోయిందని.

ఇంకో మాట. తెరచాప చిరిగిన రోజు మిస్బా, "మా నాయన కుడతాడు సార్" అందట. మీ నాయన తెరచాప ఎప్పుడైనా చూసినాడా అని ఆయన అడిగారట. "తెరచాప చూడలేదు సార్. బట్ట చూసినాడు" అందట. ఈ మాట కెప్టెనే నాకు చెప్పారు. దీన్ని ఎక్కడైనా రాసి పెట్టుకోవడానికే డైరీ కొన్నానేమో.

నవంబర్ 20

లాల్బీ ఫోన్. కందిపొడి డబ్బా తెరిచావా అని మొదలుపెట్టి, నేను బయలుదేరేటప్పుడు గుమ్మంలో చెప్పిందే మళ్ళీ చెప్పింది.

"ఆ గుడ్డ ఇంక పనికిరాదని ఒక్క మాట చెప్పు. నువ్వు చెప్తే ఆ సారు నమ్ముతాడు. పిల్ల ఇంటికొస్తాది."

నా చేతికొచ్చిన బట్టను పనికిరాదని ఎప్పుడన్నా అన్నానా? కంభం మలుపులో బోల్తాపడిన లారీ పట్టను పీలికలుగా తెచ్చి నా ముందు పోస్తే కుట్టిచ్చాను, ఆ లారీ ఇవాళ్టికీ అదే కప్పుకుని తిరుగుతోంది. నా నోటితో ఆ మాట రాదని చెప్పేశాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

సముద్రం అంటే లాల్బీకి భయం. నాకేం భయం లేదు.

నవంబర్ 21

జుమ్మా నమాజుకు పోయాను. ప్రసంగం మలయాళంలో. ఒక్క ముక్క అర్థం కాలేదు, చివర్లో ఆమీన్ మాత్రం అందరికన్నా గట్టిగా అన్నాను.

తిరిగొచ్చేసరికి పక్క పడవ దొర మంచినీళ్ళ పైపుతో పడవ కడుగుతున్నాడు. మంచినీళ్ళు! మా వీధిలో ట్యాంకర్ వచ్చే రోజు డ్రమ్ముల దగ్గర తలలు పగులుతాయి. ఆయన చూడనప్పుడు పోయి కుళాయి కట్టేశాను. ఆయన వచ్చి తిప్పాడు. మళ్ళీ కట్టేశాను. సాయంత్రం కెప్టెన్ నవ్వుతూ, పక్క పడవ నీళ్ళ జోలికి పోవద్దు, మన పడవ నీళ్ళ బాధ్యత నువ్వే తీసుకో అన్నారు. తీసుకున్నాను. రేపటినుంచి ఈ పడవలో అంట్లు తోమిన నీళ్ళను ఊరికే పోనివ్వను.

నవంబర్ 22

ఒడ్డున ఒక షెడ్డు ఇచ్చారు. నేల నున్నగా ఉంది. తెరచాప పరిచాం. షాదీఖానా ముందు వేసే షామియానాలో సగం ఉంటుంది, మూడు మూలలు. ఇట్లాంటి బట్ట నేనెన్నడూ ముట్టుకోలేదు, కాగితంలా గరగరలాడుతుంది, లాగితే వేలు తెగుతుంది గానీ అది సాగదు. అడ్డంగా పట్టీలు పట్టీలుగా, ఒకదాని అంచు మీద ఇంకోదాని అంచు ఎక్కించి కుట్టారు. చాలా కుట్లు తెగాయి. రెండు పట్టీలు పీలికలైపోయాయి, వాటికి కొత్త బట్ట కెప్టెన్ దగ్గరుంది.

కుట్టినవాడెవడో తాగి కుట్టాడు. అంచు మీద అంచు ఎక్కించేటప్పుడు రెండు చివర్లలో బెత్తెడు ఎక్కించాడు, నడుమకొచ్చేసరికి రెండు వేళ్ళు. ఒక పట్టీ అయితే చెయ్యి జారిందనుకోవచ్చు, అన్నీ అంతే. ఇట్లా కుడితే నడుమ బట్ట మిగిలి ఉబ్బుతుంది. ఉబ్బింది కూడా, అరచేత్తో నొక్కితే ఇటు నుంచి అటు పోతోంది. షామియానాలో అట్లాంటి ఉబ్బు ఉంటే వాన నీళ్ళన్నీ అక్కడ చేరి పెళ్ళికొడుకు నెత్తిన పడతాయి. పట్టలో కడుపు ఉంచినవాడు కుట్టుపనికి పనికిరాడని మా నాయన నన్ను స్కేలుతో కొట్టి నేర్పాడు. నేను కుట్టిన పట్ట మీద కప్పుడు నీళ్ళు పోయండి, నిలిస్తే డబ్బులు ఇవ్వొద్దు అని ఇవాళ్టికీ అంటాను. ఎవరూ ఇవ్వకుండా పోలేదు.

తెగిన కుట్లు మాత్రమే వేద్దామనుకున్నాను. కానీ ఆ తాగుబోతు కుట్టు పక్కన నా కుట్టా? మొత్తం ఊడదీసి మొదటినుంచి కుడతాను.

నవంబర్ 24

కెప్టెన్ షెడ్డుకు వచ్చి ఒకసారి చూస్తానన్నారు. పూర్తయ్యాక చూడండి సార్ అని గుమ్మంలోనే ఆపేశాను. సగం పని ఎవరికీ చూపించను. మార్కాపురంలో లారీ ఓనర్లను కూడా టీ తాగి రమ్మని పంపేస్తాను. మిస్బా వస్తే ఆ పిల్లనూ పంపేశాను. ఇంజను పని, తాళ్ళ పని వాళ్ళిద్దరికీ చేతినిండా ఉంది.

నవంబర్ 25

వేళ్ళు నొప్పి. మంచి నొప్పి.

నవంబర్ 26

పాత సూది రంధ్రాలన్నిటికీ మైనం రుద్ది మూసేశాను. ఇది చెప్పని పని. లారీ పట్టలకు కూడా ఎవరూ చెప్పరు, నేను చేస్తాను. పాత రంధ్రం వదిలేస్తే అక్కడినుంచే వాన కారుతుంది. ఇప్పుడు ఎంత వెతికినా పాతవాడి కుట్టు ఎక్కడుందో నాకే కనపడదు.

లాల్బీ ఫోన్ చేసింది. పని ఎంతవరకు వచ్చిందని అడగలేదు. నేనూ చెప్పలేదు.

నవంబర్ 28

అయిపోయింది. షెడ్డులో పరిస్తే నేలకు అతుక్కుపోయినట్టుంది. ఎక్కడ నొక్కినా బట్ట కదలదు. కింది మూలలో ఎర్ర దారంతో ‘వలి, మార్కాపురం’ అని కుట్టాను, నా పట్టలన్నిటి మీదా ఉండేదే. రేపు కడతారట. నేను పడవ ఒడ్డున ఉన్నంతవరకే ఎక్కుతానని చెప్పాను గానీ, రేపు మరీనా ముందున్న కాలువలోనే కదా, పోయి వస్తాను.

నవంబర్ 29

తెరచాప పైకి లాగుతుంటే దొర, దొరసాని కూడా బయటికొచ్చి చూశారు. తెల్లగా, గోడలా నిలబడింది. ముడత లేదు. నా కళ్ళు నిండాయి, ఎండ అనుకున్నాను.

పడవ కదల్లేదు.

కదల్లేదంటే, కదిలింది, ఈడ్చుకుంటూ. కెప్టెన్ తాడు లాగారు, వదిలారు, పడవను అటు తిప్పారు, ఇటు తిప్పారు. మా పక్కనుంచి చిన్న పడవలు గాలికి ఒరిగి పోతున్నాయి, వాటి తెరచాపలన్నీ ఉబ్బి ఉన్నాయి. మనది పాత పడవ కదా అనుకున్నాను. మిస్బా తెరచాప మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి తడిమింది. ఇంజను వేసి వెనక్కి తెచ్చారు.

కట్టేశాక కెప్టెన్ నా పక్కన కూర్చున్నారు. కోపం లేదు, అదే బాగాలేదు.

"తెరచాపకు కడుపు ఉండాల వలీ భాయ్. గాలి ఆ కడుపులో చేరితేనే పడవను లాగుతాది. నువ్వు కుట్టింది గోడ."

పాతవాడు తాగి కుట్టలేదు.

వచ్చే వారాంతం దాకా చూస్తానన్నారు. కుదరకపోతే పడవను ఇక్కడే వదిలి ఇంటికి పోతారు, ఇంక అమ్మడమే. ఈ తెరచాపతో పిల్లను సముద్రం మీదికి తీసుకుపోనని చెప్పారు. సరైన మాటే. ఆయన స్థానంలో నేనున్నా అదే అంటాను.

నవంబర్ 30

నిన్న రాయనిది. రాయకూడదనుకున్నాను.

సాయంత్రం మిస్బా నా దగ్గరికొచ్చి తేలే దారి మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. తర్వాత అడిగింది.

"నాయనా, అమ్మ చెప్పిందని ఇట్ల కుట్టినావా? చెప్పు, నేనేం అనుకోను."

ఏమీ అనుకోను అని మెల్లగా అంది, నాకు దారి ఇస్తున్నట్టు. అవునంటే సరిపోతుంది. వలికి పని రాక కాదు, కూతురి మీద ప్రేమతో చెడగొట్టాడు అని అందరూ అనుకుంటారు. మార్కాపురం కుట్టుకు మచ్చ రాదు. లాల్బీ సంతోషిస్తుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కావాలని బట్ట చెడగొట్టినవాడిగా నా కూతురి ముందు కూర్చోవడం ఊహించుకుంటే ఒళ్ళు మండిపోయింది.

"లేదు బిడ్డా. నాకు తెలీక కుట్టినాను" అన్నాను.

తెలీదు అనే మాట ఎవరి ముందూ అన్నట్టు గుర్తు లేదు. ఆ పిల్ల నా చేతిమీద చెయ్యి వేసింది. అయినా నమ్మిందో లేదో.

నిజంగా తెలియకేనా? తెలియకే. కెప్టెన్ చూస్తానంటే చూడనివ్వలేదు. మిస్బా వస్తే పంపేశాను. ఎందుకంటే సగం పని చూపించను. అంతే. పాతకుట్టు అన్ని పట్టీలకూ ఒకే తీరున ఉంటే, ఒక్కసారైనా ఎందుకిలా అని అడగలేదు. అడగడం అలవాటు లేదు. అంతే.

డిసెంబర్ 1

మళ్ళీ ఊడదీశాను. పట్టీలు పరుచుకుని కూర్చున్నాను. చివర ఎంత ఎక్కించాలి, నడుమ ఎంత, ఎక్కడినుంచి తగ్గించాలి? పాత రంధ్రాలు చెప్పేవి. వాటిని నేనే మైనంతో మూశాను. అంత శ్రద్ధగా మూశాను!

గుర్తున్న కాడికి ఒక కుట్టు వేస్తే సంచిలా వేలాడింది. విప్పేశాను.

డిసెంబర్ 2

ఏమీ చేయలేదు.

డిసెంబర్ 3

తెల్లవారగానే లాల్బీ ఫోన్. తిట్టడానికో, సంతోషం చెప్పడానికో అనుకుని ఎత్తాను. నిన్న పిల్ల ఫోన్ చేసిందట, ఇంటికొస్తానమ్మా అందట. నువ్వు కోరుకున్నదే కదా అన్నాను.

"కోరుకున్నా. ఆ గొంతు నువ్వు విన్నావా? అట్లాంటి గొంతుతో వచ్చే బిడ్డ నాకొద్దు."

తర్వాత ఆమే వీడియో పెట్టమంది. బట్ట చూపించమంది. లాల్బీ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. పట్టల దుకాణం నాది, జాకెట్ల పని ఆమెది. ఒకరి మిషన్ దగ్గరికి ఒకరం పోము. నేను ఫోన్ పట్టుకుని పట్టీలన్నీ చూపించాను. చూసి చూసి ఒకటే అడిగింది.

"ఆది ఏదీ?"

ఆది అంటే, జాకెట్టు కుట్టించుకునేవాళ్ళు కొలతకని సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి తెచ్చిస్తారే, అది. పట్టలకు ఆది ఎవరు తీసుకుంటారు, టేపు పెట్టి పొడవు వెడల్పు కొలుచుకుంటాం, అంతే అన్నాను.

"పలకలాంటి దానికి టేపు చాలు. కడుపున్న దానికి టేపు చాలదు, ఆది అడగాల. నీ పక్కన అంతమంది పడవలు పెట్టుకోనుండారు గదా, ఒకరిని అడగలేకపోయినావా?"

అడగలేకపోయాను. నిజం. ఆ మాట నాకు తోచనే లేదు.

డిసెంబర్ 4

పక్క పడవకు పోయాను. కుళాయి కట్టేసే మనిషి వచ్చాడని దొర జాగ్రత్తగా చూశాడు. మిస్బా ఇంగ్లీషులో చెప్పింది. నాకు ఒక జాకెట్టు ఆది కావాలన్నట్టే చెప్పిందో ఏమో, దొరసాని పకపకా నవ్వింది. నవ్వితే నవ్వింది. వాళ్ళ పడవ మాకన్నా చిన్నది గానీ ఒకే తరహా. వాళ్ళిద్దరూ తమ పెద్ద తెరచాపను విప్పి, మడిచి, షెడ్డుకు తామే మోసుకొచ్చి పరిచారు. పాపం, ముసలివాళ్ళు. ఆ పడవే వాళ్ళ ఇల్లట. ఇంటి పైకప్పు విప్పి పొరుగువాడికి ఇచ్చినట్టు ఇచ్చారు.

ఆ తెరచాప అంచులన్నీ అట్లాగే ఉన్నాయి. చివర్లలో వెడల్పు, నడుమ సన్నం. నేను తాగుబోతు అన్న ఆ పాతవాడికి మనసులో సలాం చెప్పాను.

లాల్బీని వీడియోలో పక్కన పెట్టుకున్నాను, గోడకు ఫోన్ ఆనించి. ఆదిలో ఎంత ఉందో నేను కొలుస్తాను, మన కొలతకు ఎంత పెంచాలో ఆమె చెబుతుంది. ఆమెకు రోజూ చేసే లెక్కే. సన్నగా ఉన్నప్పటి జాకెట్టు ఆదికి తెచ్చి, ఒళ్ళు చేసినదానికి సరిపోయేలా కుట్టమంటారట.

డిసెంబర్ 5

జుమ్మాకు పోలేదు. అల్లా క్షమించాలి.

లాల్బీ రోజంతా ఫోన్లోనే ఉంది. ఆమె ముందు కూర్చుని కుట్టడం ఇదే మొదలు. "అట్ల కాదు, టక్కు ఒక్కసారే ఆపేయగూడదు, ముడత పడతాది. సన్నంగా, సన్నంగా పోయి కొస ఏడ అయిపోయిందో తెలీకుండా అయిపోవాల." జాకెట్టు ఒంపు కోసం బట్ట మడిచి వేసే కుట్టును ఆమె టక్కు అంటుంది. నాకు చెబుతోంది, నాకు! విన్నాను. ఒకచోట తొందరపడితే విప్పమంది. విప్పాను. మధ్యలో ఆమె దగ్గరికి ఎవరో జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చారు. ఇప్పుడు కుదరదు, కొచ్చిలో పని నడుస్తా ఉంది, రేపు రా అని పంపేసింది. ఆ గొంతులో గర్వం వినపడింది. నా గొంతులాగే ఉంది.

డిసెంబర్ 6

ఈసారి షెడ్డు తలుపు తీసే ఉంచాను. కెప్టెన్ వచ్చి చూశారు, మిస్బా వచ్చి చూసింది, దొర కుర్చీ వేసుకుని కూర్చుని చూశాడు. సగం పని. కొంచెం సిగ్గనిపించింది గానీ చేతులు ఆగలేదు.

సాయంత్రానికి అయిపోయింది. పరిస్తే నడుమ ఉబ్బి నిలిచింది. అరచేత్తో నొక్కితే ఇటునుంచి అటు పోయింది.

పేరు కుట్టిన మూల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ‘వలి’ పైన ఇంకో పేరు కుట్టాను. లాల్బీకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

డిసెంబర్ 7

పడవ ఒరిగింది. గాలి వచ్చి కడుపులో చేరడం నేను కళ్ళతో చూశాను. ఒక్కసారిగా నిండింది, తాళ్ళన్నీ బిగిసిపోయాయి, నల్లమల లేచి పరుగెత్తింది. నేను రెండు చేతులతో కడ్డీ పట్టుకుని దువా చదువుతూనే ఉన్నాను. మిస్బా చుక్కాని దగ్గర నిలబడి ఉంది. కెప్టెన్ ఏమీ ముట్టుకోలేదు, ఆ పిల్లకే వదిలేశారు. నేను తెరచాపను చూడాలా, కూతురిని చూడాలా తెలియక రెండిటినీ మార్చి మార్చి చూశాను. నా జీవితంలో నేను ఇంత గర్వపడిన రోజు లేదు. ఇందులో తగ్గించి రాయడానికేమీ లేదు.

వెనక్కి వచ్చాక మిస్బా తాడు కడుతూ, "తెలీక కుట్టినాను అన్నప్పుడే నమ్మినా నాయనా. అబద్ధమైతే నీకు అంత కష్టంగా ఉండదు" అంది.

కెప్టెన్ లాగ్ బుక్ రాస్తూ తెరచాప ఎవరు బాగుచేశారని రాయాలి అని అడిగారు. మూల చూసి రాయండి సార్ అన్నాను.

డిసెంబర్ 9

పొద్దున బయలుదేరారు. నేను ఒడ్డున నిలబడ్డాను. నీళ్ళ ట్యాంకు నిండా ఉందని చివరిసారి చూసి చెప్పాను, బాధ్యత నాది కదా. లాల్బీ ఫోన్లో ఉంది. ఆమెకు కనపడాలని ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను, చెయ్యి పీకేసినా దించలేదు. తెరచాప చిన్నదై, వేలిగోరంత అయింది. ఆమె ఏడవలేదు. నేనే.

నాకు భయం ఉంది. రాసేశాను.

డిసెంబర్ 12, మార్కాపురం

ఇల్లు. మిషన్ దాని బల్లమీద పెట్టాను. ఒక లారీ పట్ట వచ్చింది. కడుపు లేకుండా కుట్టాను.

లాల్బీ వంట చేయలేదు. మూడుపూటలా ఫోన్ చూస్తోంది.

డిసెంబర్ 13

ఫోన్ రాలేదు.

డిసెంబర్ 14

వచ్చింది! మాల్దీవులు చేరారు. దారిలో ఒకరోజు గాలి గట్టిగా వచ్చిందట, తెరచాపకు ఒక్క పోగు కూడా తెగలేదట. "అమ్మకు చెప్పు నాయనా, టక్కు కొస ఏడ అయిపోయిందో నాక్కూడా కనపడలేదు" అంది. అమ్మ పక్కనే ఉంది, స్పీకర్ పెట్టి ఉంది, అయినా నేను మళ్ళీ చెప్పాను.

తర్వాత ఫొటో పంపింది. నీలం నీళ్ళు, నిండు కడుపుతో తెరచాప, కింద నిలబడి మిస్బా. లాల్బీ రెండు వేళ్ళతో పెద్దది చేసి పిల్ల ముఖం చూసింది, చిక్కిపోయిందంది. బొమ్మను జరిపి కుట్లు చూసింది. ఇంకా జరిపి కింది మూలకు వచ్చింది. అక్కడ ఎర్ర దారంతో, పైన లాల్బీ, కింద వలి, దాని కింద మార్కాపురం. చదివింది. మళ్ళీ చదివింది.

"నా పేరు కుట్టేటప్పుడు చెయ్యి వణికిందే. అక్షరం వంకరపోయింది" అంది.

అవును, వణికింది అన్నాను. ఆమె లేచి పోయి రెండు పూటల వంట ఒకేసారి మొదలుపెట్టింది.

డిసెంబర్ 17

మధ్యాహ్నం భోజనానికి పోయి వచ్చేసరికి దుకాణం ముందు నిచ్చెన ఉంది, నిచ్చెన మీద పెయింటర్ ఉన్నాడు, కింద నడుం మీద చెయ్యి పెట్టుకుని లాల్బీ ఉంది. నా దుకాణం దగ్గరికి ఆమె పని మీద రావడం ఎన్నడూ లేదు. పెయింటర్ దిక్కులు చూస్తూ, మన మార్కాపురంలో సముద్రం ఏడుందక్కా, ఎవరొస్తారు అని అడుగుతున్నాడు. నువ్వు రాయి, వచ్చేవాళ్ళు వస్తారు అంటోంది.

లారీ పట్టలు, ఆటో టాపులు, షామియానాలు కుట్టబడును అన్న పాత అక్షరాల కింద తడి రంగుతో కొత్త వరుస మెరుస్తోంది.

తెరచాపలు కుట్టబడును. ఆది తేవలెను.